ఫైలేరియాలో ఏనుగు లేదు

మా మామ్మ సాయంత్రం పూట దొడ్లో పీట వేసుకుని కూర్చుని కుడికాలు కడుక్కునేది. మనం బయటినుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నట్టు కాదు అది. ముందు మోకాలి దగ్గర్నుంచి ఒక చెంబు నీళ్ళు నెమ్మదిగా వంపేది. సబ్బుని అరచేతిలో నురగ చేసి, ఆ నురగతో మడతల మధ్యకి వేలు పోనిచ్చి రుద్దేది. మళ్ళీ నీళ్ళు. ఆ తర్వాత పాత పంచె ముక్కతో వేళ్ళ సందులు ఒక్కొక్కటీ అద్దుకుని, తడి పోయిందనుకున్నాక లైటు కిందకి కాలు జరిపి వంగి చూసుకునేది, ఎక్కడైనా చర్మం చిట్లిందేమోనని. దీనికి అరగంట పట్టేది. ఎడమకాలికి ఒక్క చెంబు, ఒక్క నిమిషం చాలు.

మాది కోనసీమలో కాలవ పక్క ఊరు. మా చిన్నప్పుడు వీధికి ఒకరైనా ఇలాంటి బోదకాలున్నవాళ్ళు ఉండేవాళ్ళు. నేను ఇంటర్ చదువుతుండగా ఒకసారి మామ్మకి గజ్జల్లో బిళ్ళ కట్టి, చలిజ్వరం వచ్చి, కాలు ఎర్రగా కమిలిపోయింది. ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. డాక్టరుగారు చీటీ మీద ఇంగ్లీషులో ఒక పొడుగాటి మాట రాశారు. మందులిచ్చే ఆయన చీటీ చూసి, "ఆయ్, ఫైలేరియానే కదండీ" అన్నాడు. రాసి ఉన్నది మాత్రం ఎలిఫెంటియాసిస్. బస్సెక్కాక మామ్మ అడిగింది: "ఇంగ్లీషులో ఏం రాశార్రా నాన్నా?" నాకేమో ఇంగ్లీషు వచ్చన్న ఉత్సాహం. "ఏనుగు జబ్బని రాశారు మామ్మా" అన్నాను.

ఆవిడేమీ అనలేదు. చీర కుచ్చిళ్ళు కిందకి లాగి కాలు కప్పుకుంది. ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అయితే నేనన్నది మనసు నొప్పించే మాట కావడం ఒక్కటే కాదు, విషయంగా కూడా అది సగమే నిజమని చాలా ఏళ్ళకి తెలిసింది. ఎలిఫెంటియాసిస్ అనే మాట పుట్టింది బోదకాలు కోసం కాదు. వేరే జబ్బు కోసం పుట్టి, భాషలు దాటేటప్పుడు చేతులు మారి, ఈ కాలికి అంటుకుంది. ఫైలేరియా అనే మాటకైతే ఏనుగుతో అసలు చుట్టరికమే లేదు. మందులిచ్చే ఆయన అన్న మాటా, డాక్టరుగారు రాసిన మాటా ఒకే జబ్బుని రెండు వైపుల నుంచి పట్టుకున్నాయి. ఒకటి బయటికి కనిపించే కాలుని చూసింది, ఒకటి లోపల దాగిన దాన్ని చూసింది. డెల్టాలో బతికేవాళ్ళకి ఈ తేడా తెలియడం చాలా అవసరమని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు మన మాట చూద్దాం. మనం దీన్ని బోదకాలు అంటాం, బడి పుస్తకాల్లో బోదవ్యాధి అని ఉంటుంది. బోద అనగానే గోదావరి జిల్లాల చెవికి పక్కనే ఇంకో రెండు మాటలు వినిపిస్తాయి. చేలోకి నీళ్ళు తీసుకెళ్ళే చిన్న కాలవని పంట బోదె అంటాం. అరటిచెట్టు కాండాన్ని అరటి బోదె అంటాం. గెల కోశాక నరికి గట్టు మీద పడేసిన అరటి బోదెని చూడండి, లావుగా, బరువుగా, నొక్కితే నీరు ఊరేలా ఉంటుంది. బోదకాలు అన్నప్పుడు మా ఊళ్ళో ఎవరి కళ్ళ ముందూ జంతువు మెదలదు. చుట్టుపక్కల భాషలు చాలా వరకు ఏనుగుని తెచ్చుకున్నాయి. తమిళంలో ఆనైక్కాల్, కన్నడంలో ఆనెకాలు, హిందీలో హాథీపాఁవ్, ఉర్దూలో ఫీల్‌పా. మా వాడుక తెలుగు దాని జోలికి పోలేదు. ఈ విషయంలో నా భాష మీద నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది.

ఇక ఆ ఏనుగు సంగతి. గ్రీకు భాషలో ఎలెఫాస్ అనే మాటకి మొదటి అర్థం ఏనుగు కూడా కాదు, దంతం. హోమర్ కావ్యాల్లో ఈ మాట వచ్చిన ప్రతిచోటా దంతమనే అర్థం. నగిషీలు చెక్కిన పెట్టెలూ కుర్చీలూ రేవుల్లో దిగేవి కాబట్టి దంతం వాళ్ళకి బాగా తెలుసు. దాన్ని మోసే జంతువు వాళ్ళ నేల మీద లేదు. తర్వాతి కాలంలో జంతువు గురించి తెలిశాక, దంతం పేరే దానికీ పెట్టారు. ఆ తర్వాత ఒక జబ్బుకి పెట్టారు. ఆ మాట చివరన ఉన్న "ఇయాసిస్" జబ్బు పట్టిన స్థితిని చెప్పే ముక్క, సోరియాసిస్‌లో ఉన్నది కూడా ఇదే. కొంతమంది ఎలిఫెంటైటిస్ అంటుంటారు, అది సరికాదు. "ఐటిస్" అంటే మంట, వాపు ఉన్న జబ్బులకి వాడే ముక్క, టాన్సిలైటిస్, అపెండిసైటిస్‌లలో ఉన్నట్టు.

అయితే గ్రీకులు ఏనుగు పేరు పెట్టిన ఆ జబ్బు ఏది? చాలామంది కాలు వాపే అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కాదు. అది కుష్ఠు. చర్మం మందమై, గరుకుగా గడ్డకట్టి, ముడతలు పడి ఏనుగు తోలులా అవుతుందని ఆ పేరు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో రోమన్ రచయిత సెల్సస్ ఈ జబ్బుని వర్ణిస్తూ, ఇటలీలో ఇది దాదాపు ఎవరికీ తెలియదనీ, గ్రీకులు దీన్ని ఎలిఫెంటియాసిస్ అంటారనీ రాశాడు. గ్రీకు వైద్యుడు అరటేయస్ అయితే ఏనుగునీ ఈ జబ్బునీ పక్కపక్కన పెట్టి చాలా వివరంగా వర్ణించాడు. ఆయన వర్ణించినది ఒళ్ళంతా పాకే జబ్బు, ఒక్క కాలిది కాదు.

మరి ఇంగ్లీషులో కుష్ఠుని లెప్రసీ అంటారు కదా, ఆ మాట అప్పుడు ఎక్కడుంది? అదీ గ్రీకులోనే ఉంది, వేరే పనిలో ఉంది. లెపిస్ అంటే పొలుసు. చేప పొలుసు లాంటిదే. ఒంటి మీద చర్మం పొలుసులుగా లేచే రకరకాల తేలిక జబ్బుల్ని లెప్రా అనేవారు. అవి ప్రాణాంతకం కాదు, వాటిని చూసి ఎవరూ ఊరవతలికి తోసేసేవారు కాదు.

ఇక్కడి నుంచి చిక్కు మొదలవుతుంది. దీన్ని అద్దె ఇళ్ళ లెక్కలో చెబితే తేలికగా ఉంటుంది. ఎలిఫెంటియాసిస్ అనే ఇంట్లో కుష్ఠు కాపురముంది. లెప్రా అనే ఇంట్లో పొలుసు జబ్బులున్నాయి. వాచిన కాలుకి గ్రీకు వైద్యంలో అలాంటి పెద్ద పేరున్న సొంతిల్లు లేదు.

మొదటి మార్పు వైద్యుల వల్ల వచ్చింది కాదు. క్రీస్తుకి ముందే యూదుల పవిత్ర గ్రంథాన్ని హీబ్రూ నుంచి గ్రీకులోకి మార్చారు. అందులో త్సారాఅత్ అనే మాట ఉంది. అది శుద్ధి, అశుద్ధం అనే మతపరమైన లెక్కకి చెందిన మాట. మనిషి చర్మానికే కాదు, బట్టలకీ ఇంటి గోడలకీ కూడా త్సారాఅత్ వస్తుందని ఆ గ్రంథంలోనే ఉంది. గోడకి వచ్చేది కుష్ఠు కాదు కదా! అనువాదకులు దానికి లెప్రా అనే మాట పెట్టారు. దాంతో పొలుసు జబ్బుల పేరు మీద, తప్పేమీ లేకుండా, అపవిత్రత అనే మచ్చ పడింది.

రెండో మార్పు అరబ్బీ దారిలో వచ్చింది. 9వ శతాబ్దం నుంచి గ్రీకు వైద్యం అరబ్బీలోకి వెళ్ళింది. అరబ్బీ వైద్యులకి ఈ రెండు జబ్బుల మధ్య ఏ గందరగోళమూ లేదు. కుష్ఠుని వాళ్ళు జుధామ్ అన్నారు. వాచి లావెక్కిన కాలుని దా-అల్-ఫీల్ అన్నారు, అంటే ఏనుగు జబ్బు. ఇది గ్రీకు నుంచి అరువు తెచ్చుకున్నది కాదు, కాలుని చూసి వాళ్ళు పెట్టుకున్న పేరు. తమిళులూ కన్నడిగులూ పెట్టుకున్నట్టే.

11, 12 శతాబ్దాల్లో ఆ అరబ్బీ పుస్తకాలు లాటిన్‌లోకి వచ్చాయి. ఉత్తర ఆఫ్రికా నుంచి ఇటలీ వచ్చి మాంటె కసినో మఠంలో చేరిన కాన్‌స్టంటైన్ ఈ పని మొదలుపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. ఆ తర్వాత స్పెయిన్‌లో టొలేడోలో క్రెమోనాకి చెందిన జెరార్డ్ లాంటివాళ్ళు కొనసాగించారు. ఈ అనువాదాల్లో దా-అల్-ఫీల్ అనే మాట వచ్చినప్పుడు ఏం చేయాలి? ఏనుగు జబ్బు అని ఉంది, ఏనుగు జబ్బుకి గ్రీకులో ఎలిఫెంటియాసిస్ అనే మాట సిద్ధంగా ఉంది. ఆ పేరు కాలుకి పోయింది. అక్షరాలా చూస్తే తప్పేమీ లేదు, అర్థం చూస్తే జబ్బే మారిపోయింది. ఆ ఇంట్లో అప్పటిదాకా ఉన్న కుష్ఠు ఎక్కడికి పోవాలి? దాన్ని లెప్రా ఇంట్లోకి పంపారు. ఆ ఇంటికి అప్పటికే అపవిత్రత మచ్చ ఉంది. పొలుసు జబ్బులు ఆ ఇంటి అరుగు మీదే శతాబ్దాల పాటు తచ్చాడి, 19వ శతాబ్దంలో గాని సోరియాసిస్ అనే వేరింటికి పూర్తిగా చేరలేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది నడుమ వచ్చిన ఈ మలుపు. గోడలకి పట్టే మచ్చకీ బట్టలకి పట్టే బూజుకీ పెట్టిన మాట, దాని మీదున్న పవిత్రత, అపవిత్రత బరువంతా కలిపి, కుష్ఠు వచ్చిన మనిషి నెత్తిన పడింది. మనమూ తక్కువేం తినలేదు. ఆయుర్వేదంలో కుష్ఠం అంటే 18 రకాల చర్మవ్యాధులకి ఉమ్మడి పేరు. అందులో మామూలు దురదలూ తామరలూ కూడా ఉన్నాయి. వాడుకలో అది ఒక్క జబ్బుకి కుదించుకుపోయి, పెద్దరోగం అనే గుసగుసగా మారింది.

ఈ కలగాపులగం యూరప్ వైద్యులకి ఎంత తలనొప్పి అయిందంటే, చివరికి రెండు ఎలిఫెంటియాసిస్‌లున్నాయని ఒప్పుకుని, గ్రీకుల ఎలిఫెంటియాసిస్ అంటే కుష్ఠు, అరబ్బుల ఎలిఫెంటియాసిస్ అంటే వాచిన కాలు అని విడదీసి రాసుకున్నారు. 19వ శతాబ్దపు పుస్తకాల్లో కూడా ఈ జంట పేర్లు కనిపిస్తాయి. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠుకి కారణమైన బాక్టీరియాని గుర్తించాడు. ఆ తర్వాత కుష్ఠు లెక్క తేలిపోయింది. ఏనుగు పేరు కాలుకే ఉండిపోయింది.

సంస్కృతం పేరు కూడా ఒక్కసారి చెప్పుకుని ముందుకెళ్దాం. శ్లీపదం. శిలలాంటి పాదం అని దానికి సంప్రదాయంగా చెప్పే వ్యుత్పత్తి. పేరు కంటే నాకు ముఖ్యంగా అనిపించేది సుశ్రుత సంహితలో దాని గురించి ఉన్న ఒక శ్లోకం. పాత నీళ్ళు ఎక్కువగా నిలవుండే, అన్ని రుతువుల్లోనూ చల్లగా ఉండే ప్రాంతాల్లో ఈ శ్లీపదాలు విశేషంగా పుడతాయని ఆ శ్లోకం చెబుతుంది. అది చదివినప్పుడు నాకు మా ఊరి వెనక మురుక్కాలవ కళ్ళ ముందు కనిపించింది. దోమ సంగతి ఎవరికీ తెలియని కాలంలో, జబ్బుకీ నిలవ నీళ్ళకీ ఉన్న ముడిని కళ్ళతో చూసి పట్టుకున్నారు.

ఇంతవరకూ వచ్చిన పేర్లన్నీ, తోలు, కాలు, రాయి, బోద, బయటికి కనిపించేవాటికి పెట్టినవే. లోపలిదాన్ని చూడటానికి మైక్రోస్కోపు కావాల్సి వచ్చింది. 1863లో పారిస్‌లో దెమార్కే అనే సర్జన్, క్యూబా నుంచి వచ్చిన ఒక రోగి వరిబీజం నీటిలో సన్నటి, మెలికలు తిరుగుతున్న పిల్లపురుగుల్ని చూశాడు. 1866లో బ్రెజిల్‌లోని బాహియాలో ఒట్టో వుకరర్ అనే వైద్యుడు పాలలా తెల్లగా వచ్చిన మూత్రంలో అవే చూశాడు. 1872లో మన కలకత్తాలో తిమోతి లూయిస్ వాటిని మనిషి రక్తంలోనే కనిపెట్టి, లాటిన్‌లో "మనిషి రక్తంలోని ఫైలేరియా" అని పేరు పెట్టాడు. అప్పటిదాకా చూసినవన్నీ పిల్లలే, తల్లి పురుగు దొరకలేదు. 1876లో ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కి ఒక రోగి చేతి మీది గడ్డలో అది దొరికింది. అందుకే ఈ పురుగు శాస్త్రీయ నామం వుకరేరియా బాంక్రాఫ్టై. బాహియా వైద్యుడి పేరు ముందు, బ్రిస్బేన్ వైద్యుడి పేరు వెనక. వుకరర్ అనే జర్మన్ ఇంటిపేరుకి వడ్డీ వ్యాపారి అని అర్థం. మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి కూర్చుని తినే పురుగుకి ఆ పేరు రావడం యాదృచ్ఛికమే అయినా, నాకు మాత్రం మర్చిపోలేని యాదృచ్ఛికం.

ఫైలేరియా మాటలో ఉన్నది ఫీలుమ్. లాటిన్‌లో దారం. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, మందం పావు మిల్లీమీటరు. తెల్లగా, కుట్టుదారంలా ఉంటుంది. మగది అందులో సగం కూడా ఉండదు. చూస్తే దారమే. 18వ శతాబ్దం చివర్లోనే ఇలాంటి పురుగుల జాతికి ఫైలేరియా అనే పేరు పెట్టి ఉంది, దాన్నే దీనికీ వాడారు.

ఈ ఫీలుమ్ మనకి కొత్తదేమీ కాదు. పంచాయతీ ఆఫీసులో ఫైలు కదలడం లేదంటామే, ఆ ఫైలు ఇదే. ఫ్రెంచిలో దారాన్ని ఫిల్ అంటారు. పూర్వం కాయితాల్ని దారానికో తీగకో గుచ్చి వరసగా దాచేవారు, ఆ దారం పేరే ఇంగ్లీషులో ఫైలు అయింది. మా ఊరి కిరాణా కొట్టు గోడకి ఇప్పటికీ వంకర తిరిగిన ఇనప తీగ ఒకటి వేలాడుతుంటుంది, ఖాతా చీటీలన్నీ దానికి గుచ్చి ఉంటాయి. పేరు తెలియకుండానే అసలైన ఫైలు అది. పాత బల్బులో వెలిగే ఫిలమెంటు కూడా ఈ దారం కూతురే. కాబట్టి ఫైలేరియా, ఫైలు, ఫిలమెంటు అక్కచెల్లెళ్ళు.

ఇక్కడ ఒక పొరపాటు చాలా తేలిగ్గా జరుగుతుంది. హైదరాబాదులో బేగంబజారు దగ్గర ఫీల్‌ఖానా ఉంది, పూర్వం ఏనుగుల్ని కట్టేసిన చోటు. ఉర్దూలో ఫీల్ అంటే ఏనుగు. పారసీలో పీల్, అరబ్బీలో ఫీల్. దా-అల్-ఫీల్ అంటే ఏనుగు జబ్బు, ఫీల్‌పా అంటే ఏనుగు కాలు. అయితే ఫైలేరియాలో ఉన్నది కూడా ఈ ఫీలే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. రెండూ ఒకే జబ్బు పేర్లు కూడా. అయినా సంబంధం లేదు. అటుది తూర్పు నుంచి వచ్చిన ఏనుగు, ఇటుది లాటిన్ దారం. మన పక్కింటాయన ఇంటిపేరూ మన ఇంటిపేరూ ఒకటే అయినా గోత్రాలు వేరైనట్టు.

తెలుగుకి దారాన్ని చూడటం రాదా అంటే, వచ్చు. కనిపిస్తే చూసింది. నారికురుపు అనే జబ్బు పాతతరం వాళ్ళకి తెలుసు. దిగుడుబావుల్లో నీళ్ళు తాగేవాళ్ళకి వచ్చేది. కాలు మీద బొబ్బ లేచి, పగిలి, అందులోంచి తెల్లటి పొడవాటి పురుగు బయటికొచ్చేది. దాన్ని పుల్లకి చుట్టి రోజుకి కాస్త చొప్పున లాగేవాళ్ళు. నారి అంటే వింటికి కట్టే తాడు. కంటికి కనిపించిన పురుగుకి మన వాళ్ళు ఎంత సూటిగా పేరు పెట్టారో చూడండి. ఆ జబ్బు మన దేశం నుంచి పూర్తిగా పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. బోదకాలు పురుగు అలా ఎన్నడూ బయటికి రాదు. చర్మం కింద, లింఫు నాళాల్లో, గజ్జల దగ్గరి బిళ్ళల్లో కూర్చుంటుంది. కనిపించదు కాబట్టి తెలుగులో దాని పేరుకి దారం అంటలేదు, కాలే మిగిలింది.

లింఫు అనే మాట కూడా చెప్పుకోదగ్గదే. లాటిన్‌లో లింఫా అంటే తేటనీరు. గ్రీకుల జలకన్య నింఫ్ ప్రభావంతో ఆ మాటకి ఆ రూపం వచ్చింది. మనం శోషరసం అంటాం. రక్తనాళాల్లోంచి కండలోకి ఊరిన నీటిని మళ్ళీ తీసుకెళ్ళి రక్తంలో కలిపే నాళాలు ఇవి. డెల్టా మనిషికి దీన్ని వేరే విడమర్చి చెప్పక్కర్లేదు. చేలోకి నీరొచ్చే కాలవ వేరు, చేలోంచి నీరు పోయే మురుగు కాలవ వేరు. మురుగు కాలవ పూడితే చేను మునుగుతుంది. దారప్పురుగులు గూడు కట్టుకుని పాడుచేసేది ఈ మురుగు కాలవల్నే. నీరు తీయక కాలు వాస్తుంది, దాని మీద చిట్లిన చర్మంలోంచి బాక్టీరియా లోపలికి దూరి మాటిమాటికీ జ్వరం తెప్పిస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ కాలు పొంగుతుందని మా ఊళ్ళో అంటారు. వేళ్ళ సందుల్లో ఉన్న పగుళ్ళే దానికి ఎక్కువగా కారణం, అందుకే మామ్మ అరగంట పాటు చేసే ఆ పని మందుతో సమానమైన వైద్యం.

దారం రక్తంలోకి ఎలా వస్తోంది? దీనికి జవాబు చైనా తీరంలోని అమోయ్‌లో, ఇప్పటి షియామెన్‌లో దొరికింది. అక్కడ పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1877లో, ఒంట్లో ఫైలేరియా ఉన్న హిన్ లో అనే తన తోటమాలిని రాత్రి దోమలున్న గదిలో పడుకోబెట్టి, కుట్టిన దోమల్ని కోసి చూశాడు. వాటి ఒంట్లో పిల్లపురుగులు పెరుగుతున్నాయి. ఒక పురుగు మీద జరిపిన ఆ పరిశీలన నుంచే తర్వాత మలేరియా దారి కూడా దొరికింది. మాన్సన్ సలహాలతో పనిచేసిన రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో మన సికింద్రాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. ఆ పిల్లపురుగులు పగలు లోపలి రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్య చర్మానికి దగ్గరగా ఉండే రక్తంలోకి వస్తాయని తేల్చింది కూడా మాన్సనే. మన మురుగుల్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళకే.

చిన్నప్పుడు రాత్రి తొమ్మిది దాటాక ఫైలేరియా వాళ్ళు టార్చిలైట్లు వేసుకుని వీధిలోకి వస్తే పిల్లలం మంచాల కింద దూరేవాళ్ళం. పగలు రాకుండా దొంగల్లా రాత్రిళ్ళు వస్తారేమిటని కోపం. వేలు పట్టుకుని సూదితో చిన్న పోటు, నాలుగు చుక్కలు గాజు పలక మీద, సూది మూలతోనే గుండ్రంగా రాసేవారు. "అయిపోయిందమ్మా, పడుకోండి" అని పక్కింటికి వెళ్ళేవారు. వాళ్ళు వచ్చేది దారం లేచే వేళకి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ ఈ పురుగుల్ని చంపే డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్) మాత్రలు పంచుతూ వస్తున్నారు. ఆ మందు 1947లో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో వచ్చింది. అక్కడి పరిశోధన విభాగాన్ని నడిపినది ఎల్లాప్రగడ సుబ్బారావుగారు, 1895లో భీమవరంలో పుట్టినవారు. డెల్టా కాళ్ళని పీడిస్తున్న పురుగుకి మందు డెల్టా బిడ్డ నాయకత్వంలో తయారైందని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. హెట్రజాన్ అనే పేరుతో అమ్మిన ఆ మందు వచ్చిన మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు.

మాత్ర ఇంటి ముందుకొచ్చినా చాలామంది మింగరు. రెండేళ్ళ కిందట మా వీధిలో మాత్రలు పంచుతుంటే నేనూ ఆశా కార్యకర్త వెంట తిరిగాను. మా బాబాయి వరస ఆయన అరుగు మీద కూర్చుని పంచె మోకాలి పైకి లాగి చూపించాడు. "చూడమ్మా, ఏమైనా ఉందా? నా కాలు నిక్షేపంలా ఉంది. బోదకాలు మాత్ర నాకెందుకు?"

ఆయన అన్నది మూర్ఖత్వం కాదు. పేరు చెప్పినట్టే ఆయన విన్నాడు. బోదకాలు అంటే కాలు, ఎలిఫెంటియాసిస్ అంటే ఏనుగు. కాలు ఏనుగులా లేకపోతే జబ్బు లేనట్టే కదా! కానీ దారం ఒంట్లో చేరి, ఏ వాపూ లేకుండా ఆరేడేళ్ళు బతుకుతుంది, పిల్లల్ని పెడుతుంది. నిక్షేపంలాంటి కాలున్న మనిషి రక్తంలోంచే దోమ ఆ పిల్లల్ని పక్కింటి పసివాడికి మోసుకెళ్తుంది. కాలు వాచిన మామ్మలాంటివాళ్ళ రక్తంలో చాలాసార్లు పిల్లపురుగులు ఉండనే ఉండవు. మనం ఎవరిని చూసి జబ్బు అనుకుంటున్నామో వాళ్ళ దగ్గర్నుంచి అది పాకడం లేదు, ఎవరిని చూసి ఆరోగ్యం అనుకుంటున్నామో వాళ్ళ దగ్గర్నుంచే పాకుతోంది. ఏనుగు పేరు చేసిన నష్టం ఇది. జబ్బు చివరి అంకాన్ని మొత్తం జబ్బుగా చూపించింది. ఫైలేరియా అనే మాట ఈ విషయంలో నిజం చెప్పింది, కానీ దాని అర్థం ఎవరూ మనకి విప్పి చెప్పలేదు.

ఆశా కార్యకర్త ఓపిగ్గా అంది, "బాబాయిగారూ, ఇది కాలుకి కాదండి, రక్తంలో సన్నటి దారాల్లాంటి పురుగులుంటాయి, వాటికండి." ఆయన కాసేపు ఆలోచించాడు. "మొన్నోసారి మింగితే జ్వరమొచ్చింది కదమ్మా?" "ఆయ్, ఆ పిల్లపురుగులు చచ్చినప్పుడు వస్తుందండి ఒక్కోసారి. ఒక రోజులో తగ్గిపోద్దండి. అంటే మందు పనిచేసినట్టండి." పెద్దవాళ్ళకి మూడు డీఈసీ మాత్రలు, నమలాల్సిన ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర ఒకటి. గర్భిణులకీ, రెండేళ్ళలోపు పిల్లలకీ, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళకీ ఇవ్వరు. భోజనం చేశాననే మాట ఆయన చెప్పాక ఆమె తన ఎదుటే మింగించింది. దారం అనే ఆ ఒక్క మాటే పని చేసిందని నాకనిపించింది.

మామ్మకి ఏనుగు మాట చెప్పి నొప్పించిన నేను, సరైన మాట చెప్పడానికి ఆరేడేళ్ళు తీసుకున్నాను. ఆ రోజు శుక్రవారం. గుడికివ్వడానికి కనకాంబరాలూ దవనమూ కలిపి దండ కడుతోంది. పక్కన తడిపి పెట్టుకున్న అరటి నార, పొద్దున తనే బోదెలోంచి చీల్చి తీసింది. కుడికాలు ఎదురుగా పీట మీద చాపి ఉంది.

"మామ్మా, ఆ రోజు నేను తప్పు చెప్పాను. నీ జబ్బు పేరులో ఏనుగు లేదు. ఫైలేరియా అంటే దారం."

దండ కట్టే చేతులు ఆగాయి. "దారమా? కాల్లో దారమేంట్రా?"

దారంలాంటి పురుగు అని చెప్పాను. ఎంత పొడుగుంటుందని అడిగింది. బెత్తెడు కంటే కాస్త ఎక్కువని అరచెయ్యి చూపించాను. ఆవిడ నార పాయలోంచి ఒక పోగుని గోటితో చీల్చింది. అది లావని, దాన్ని మళ్ళీ చీల్చింది. వెలుతురుకి పట్టుకుంటే కనీ కనిపించనంత సన్నగా వచ్చింది. నా అరచేతి మీద పరిచి, మిగిలిన పొడవుని గిల్లేసింది.

"ఇంతా?"

"అంతే మామ్మా."

చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత కాలు మీద చెయ్యి వేసి, "ఈ పాటి దానికా ఇంత కాలు" అంది. ఆ రోజు కుచ్చిళ్ళు కిందకి లాక్కోలేదు.